నడిస్తే పిక్క పట్టేస్తోంది, ఆగితే పోతోంది. నాన్నగారికి కాలి రక్తనాళం సన్నబడిందట, నడిపించాలా వద్దా?

పెద్దకూతురు:

అందరికీ నమస్కారం అండి. నాన్నగారి గురించి అడుగుతున్నా, కొంచెం పెద్దగానే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

ఆయనకి 63. షుగర్ వచ్చి పదేళ్ళ పైనే అయింది, బీపీ ఉంది, సిగరెట్లయితే నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ తాగుతూనే ఉన్నారు. ఏడాదిగా నడుస్తుంటే ఎడమ పిక్క పట్టేస్తోంది అంటున్నారు. రాయిలా బిగుసుకుపోతుందట, ఆగి నిలబడితే రెండు మూడు నిమిషాల్లో ఏమీ లేనట్టు పోతుందట, మళ్ళీ అంతే దూరం నడిచేసరికి మళ్ళీ అదే. ఇదివరకు రోజూ అరగంట ఆపకుండా నడిచేవారు, ఇప్పుడు 150 మీటర్లకే ఆగిపోతున్నారు. మొదట్లో వయసు వల్లే అనుకున్నాం. తర్వాత ఒక డాక్టర్ గారు మోకాలు అరిగింది అని మందులు రాశారు, క్యాల్షియం బిళ్ళలు కూడా, అయిదారు నెలలు వాడాం, ఏం తగ్గలా. ఇన్నాళ్ళలో ఒక్కళ్ళు కూడా ఆయన సాక్సు విప్పించి పాదం ముట్టుకుని చూడలేదండి, నాకు అదే బాధ. పోయిన వారం ఇంకో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన పాదం మీద వేళ్ళు పెట్టి, చీలమండ వెనక పెట్టి చూసి, ఎడమ వైపు నాడి అందట్లేదమ్మా అని వెంటనే డాప్లర్ అనే రక్తనాళాల స్కాన్ రాశారు.

రిపోర్టులో ఎడమ తొడలో సూపర్‌ఫిషియల్ ఫెమొరల్ ఆర్టరీ అనే రక్తనాళం 80 శాతం దాకా సన్నబడింది అని, దాని కింద మోనోఫేజిక్ ఫ్లో అని ఉంది. ఏబీఐ అనే కొలత కుడి 0.92, ఎడమ 0.61. పాదాల మీద పుండ్లు లేవు, రాత్రి పూట నొప్పి లేదు. ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ బిళ్ళ, సిలోస్టజాల్ అని ఇంకోటి రాసి, సిగరెట్ మానెయ్యండి, రోజూ నడవండి, మూడు నెలల తర్వాత రండి అన్నారు, అంతే. పేషెంట్లు చాలామంది ఉన్నారు, ఎక్కువ అడగలేకపోయా.

ఇప్పుడు ఇంట్లో గొడవ ఏంటంటే నొప్పి పుడుతుంటే నడవమనడం ఏంటి, నాళం ఇంకా పాడైపోతుంది అని నాన్న అసలు మంచం దిగట్లేదు. మా బాబాయి ఏమో 80 శాతం అంటే వెంటనే స్టెంట్ వేయించాలి, గుండెకైతే ఊరుకుంటారా అంటున్నారు. అమ్మ కాలు తీసేస్తారేమో అని ఏడుస్తోంది. కొలెస్ట్రాల్ టెస్ట్ నార్మలే వచ్చింది, మరి ఆ బిళ్ళ ఎందుకో కూడా తెలీదు. ఎవరికైనా అనుభవం ఉంటే చెప్పండి, నడిపించాలా వద్దా?

నడకమానను:

అమ్మా, నడిపించండి. అన్నిటికంటే ముందు ఆ మాట చెప్పాలనిపించింది.

నాకు ఎనిమిదేళ్ళ క్రితం ఇదే, నాది రెండు కాళ్ళూ. అప్పట్లో నా లెక్క కరెంటు స్తంభాల్లో ఉండేది, మూడో స్తంభం దగ్గర పిక్క పట్టేసేది, నాలుగోదాకా వెళ్ళలేను. ఎవరైనా ఎదురొస్తే ఫోన్ చూసుకుంటున్నట్టు నిలబడేవాణ్ణి, కాలు నొప్పి అని చెప్పడానికి నామోషీ. మీ నాన్నగారిలాగే నేనూ భయపడి రెండు నెలలు నడక మానేశా, దాంతో ఏమైందంటే రెండో స్తంభానికే నొప్పి రావడం మొదలైంది. అప్పుడు మా డాక్టర్ గారు కూర్చోబెట్టి చెప్పారు, నొప్పి అంటే నాళం చిరుగుతోంది అని కాదయ్యా, కండరం రక్తం చాలట్లేదని అడుగుతోంది, నువ్వు అడగనిస్తే కదా ఒళ్ళు ఏదో ఒక దారి చూసుకునేది అని. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తు.

పద్ధతి చెప్తాను, నాకు చెప్పింది చెప్పినట్టే. నడవడం మొదలుపెట్టాలి, నొప్పి మొదలవగానే ఆగకూడదు, ఓ మాదిరి గట్టిగా పట్టేసేదాకా నడవాలి, అప్పుడు ఆగి పూర్తిగా పోయేదాకా నిలబడాలి లేదా కూర్చోవాలి, పోయాక మళ్ళీ. ఇలా ఆగే టైముతో కలిపి 30 నుంచి 45 నిమిషాలు, వారానికి కనీసం 3 రోజులు, కనీసం 12 వారాలు. మూడు నాలుగు వారాలకి ఏమీ తేడా కనపడక నేను వదిలేద్దామనుకున్నా, మా ఆవిడ ఒక నోట్‌బుక్ పెట్టి రోజూ ఎన్ని స్తంభాలో రాసేది, ఆరో వారం దగ్గర వెనక్కి తిరగేస్తే మూడు కాస్తా ఆరైంది. ఆ పేజీ చూసుకుని నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. ఇప్పుడు మెల్లగా అయితే రెండు కిలోమీటర్లు ఆగకుండా వెళ్తా, గబగబా నడిస్తే పట్టేస్తుంది, ఎత్తు ఎక్కితే పట్టేస్తుంది, నాళం ఎలా ఉందో అలానే ఉంది, స్టెంట్ వెయ్యలేదు.

సిగరెట్ సంగతి మాత్రం మొహమాటం లేకుండా చెప్తున్నా, రోజుకి రెండే అని తగ్గించడం కాదు, పూర్తిగా మానాలి. నేను మూడుసార్లు ఫెయిలై నాలుగోసారి మానేశా, నికోటిన్ గమ్ము వాడా. తిట్టకండి ఆయన్ని, తిడితే దాక్కుని తాగుతారు. నేనదే చేశాను.

ఒకటి, మొదటి కొన్ని రోజులు మీరెవరైనా పక్కన ఉండండి. గుండె దగ్గర బరువు, ఆయాసం వస్తే నడక ఆపి డాక్టర్‌కి చెప్పాలి, అది వేరే సంగతి.

నీలిమేఘం:

మా అత్తయ్యకి కూడా కాళ్ళలో రక్తం సరిగా ఆడట్లేదు అన్నారు అండి. ఆవిడ రాత్రి కాళ్ళ కింద రెండు దిండ్లు పెట్టుకుని పడుకుంటుంది, బిగుతుగా ఉండే స్టాకింగ్స్ వేసుకుంటుంది, వేడి నీళ్ళ బ్యాగుతో కాపడం పెట్టి నూనె రాసి కింద నుంచి పైకి గట్టిగా తోమితే హాయిగా ఉంటుంది అంటుంది. మీ నాన్నగారికి కూడా ట్రై చెయ్యండి, ఖర్చు లేని పని, నష్టం ఏముంది.

డాప్లర్‌గది:

నీలిమేఘం గారూ, మీరు మంచి మనసుతోనే చెప్పారు, కానీ నష్టం ఉంది, పెద్దకూతురు గారు ఇవి చేసేలోపే రాయాలని డ్యూటీ మధ్యలో రాస్తున్నా. నేను వాస్క్యులర్ ల్యాబ్‌లో, అంటే రక్తనాళాల పరీక్షలు చేసేచోట పని చేస్తాను, రోజూ ఏబీఐలు, డాప్లర్లు చూడటమే నా పని. డాక్టర్ని కాదు.

మీ అత్తయ్యగారిది బహుశా సిరల సమస్య. రక్తం కాలికి వెళ్ళడానికి ఒక దారి, తిరిగి రావడానికి ఇంకో దారి. వెళ్ళే దారి ధమని, వచ్చే దారి సిర. వచ్చే దారిలో కవాటాలు పాడైతే రక్తం కింద నిలిచిపోయి కాళ్ళు వాస్తాయి, బరువెక్కుతాయి, సాయంత్రానికి ఎక్కువవుతుంది, దిండు మీద పెడితే తగ్గుతుంది, వాళ్ళకి బిగుతు స్టాకింగ్స్ మందు లాంటివే. పెద్దకూతురు గారూ, మీ నాన్నగారిది వెళ్ళే దారి. అసలే రక్తం పైనుంచి కిందకి దిగడానికి కష్టపడుతుంటే కాలు పైకెత్తి పెడితే ఇంకా దిగదు. ముదిరినవాళ్ళ కాలు కాసేపు పైకెత్తి పట్టుకుంటే పాదం సున్నం కొట్టినట్టు తెల్లబడుతుంది, కిందకి వేలాడేస్తే ముదురు ఎరుపుగా కందిపోయినట్టు అవుతుంది, మేం చూసే గుర్తుల్లో అదొకటి. ఆ ఎరుపు చూసి రక్తం బాగా వస్తోంది అనుకుంటారు చాలామంది, కాదండి. ఇక బిగుతు స్టాకింగ్స్ ఇలాంటి కాలికి వేస్తే వచ్చే కాస్త రక్తాన్ని కూడా నొక్కేస్తాయి, చర్మం చచ్చిపోయి పుండ్లు పడినవాళ్ళని చూశాను. ఏబీఐ చూడకుండా ఎవరూ వేసుకోకూడదు.

వేడి నీళ్ళ బ్యాగు అస్సలు వద్దు. ఆయనకి పదేళ్ళ షుగర్, అరికాళ్ళలో స్పర్శ ఎంతుందో మనకి తెలీదు, కాలినా తెలీదు, కాలితే ఆ పుండు మానడానికి రక్తం లేదు. పాదాలు చల్లగా ఉంటే వదులుగా ఉండే మెత్తని సాక్సు వెయ్యండి చాలు. నూనె రాయడం తప్పు కాదు, పొడిబారి పగలకుండా ఉంటుంది, వేళ్ళ సందుల్లో మాత్రం వద్దు. గట్టిగా తోమడం వల్ల నాళం తెరుచుకోదు.

ఇప్పుడు మీ రిపోర్టు. ఏబీఐ అంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు, చీలమండ దగ్గర బీపీని చేతి బీపీతో భాగిస్తారు, అంతే. పడుకోబెట్టి కాసేపు ఆగి నాలుగు చోట్లా తీస్తాం. మామూలు మనిషికి కాలి బీపీ చేతి బీపీతో సమానంగానో కొంచెం ఎక్కువగానో ఉంటుంది, అందుకే 1.00 నుంచి 1.40 దాకా నార్మల్. 0.91 నుంచి 0.99 సరిహద్దు, 0.90 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే నాళం సన్నబడింది అని చెప్పొచ్చు, 0.40 కంటే కిందకి పోతే బాగా ముదిరింది అని. మీ నాన్నగారి కుడి సరిహద్దులో ఉంది, ఎడమ మధ్యలో ఉంది. షుగర్ చాలా ఏళ్ళుగా ఉన్నవాళ్ళకి ఇక్కడ ఒక చిక్కుంది, వాళ్ళ నాళాల గోడల్లో సున్నం పేరుకుని గట్టి పైపుల్లా అయిపోతాయి, బీపీ పట్టీ నొక్కినా నొక్కుకోవు, దాంతో నంబరు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, కొందరికి 1.40 దాటేస్తుంది. నంబరు బాగుంది అని పంపేస్తే మోసపోతాం. అలాంటప్పుడు బొటనవేలి దగ్గర బీపీ తీస్తాం, వేలి నాళాలు అంతగా గట్టిపడవు. దాని నిష్పత్తి 0.70 కంటే తక్కువైతే తేడా ఉన్నట్టు. మూడు నెలల తర్వాత వెళ్ళినప్పుడు వేలి ప్రెషర్ కూడా తీస్తారా అని అడగండి, అడగడంలో తప్పు లేదు.

మోనోఫేజిక్ అంటే, ఆరోగ్యంగా ఉన్న కాలి ధమనిలో ప్రతి కొట్టుకుడుకీ అల మూడు భాగాలుగా వస్తుంది, ముందుకి, కొంచెం వెనక్కి, మళ్ళీ ముందుకి. డాప్లర్‌లో ఆ శబ్దం వింటేనే తెలిసిపోతుంది మాకు. పైన అడ్డం ఉంటే ఆ విసురు పోయి ఒకటే మెత్తటి అలగా మిగులుతుంది. తొడలో అడ్డం ఉంటే నొప్పి పిక్కలో రావడం మామూలే, ఇంకా పైన పొట్ట కింది నాళాల్లో ఉంటే పిరుదులో, తొడలో వస్తుంది, అంటే అడ్డం ఉన్నచోట కాదు, దానికి కింద ఉన్న కండరంలో.

కూర్చుంటే ఎందుకు లేదు, నడిస్తేనే ఎందుకు అంటారా, గొట్టం వ్యాసం సగానికి సన్నబడితే ప్రవాహం సగం కాదు, లెక్క ప్రకారం దాదాపు 16వ వంతుకి పడిపోతుంది. అయినా ఊరికే కూర్చున్న కండరానికి కావలసింది చాలా తక్కువ, పక్కన ఉండే చిన్న చిన్న నాళాల మీదుగా సరిపోతుంది. నడిస్తే అదే కండరం ఎన్నో రెట్లు అడుగుతుంది, అక్కడ లోటు బయటపడుతుంది. నడకమానను గారి డాక్టర్ చెప్పిన మాట అందుకే నాకు చాలా నచ్చింది.

పెద్దకూతురు:

డాప్లర్‌గది గారూ మీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలీట్లేదు. నిజం చెప్పాలంటే అమ్మ నిన్న రాత్రే కాళ్ళ కింద దిండు పెట్టింది, తీసేశాం. నడకమానను గారు రాసింది మొత్తం నాన్నకి చదివి వినిపించా. స్తంభాల సంగతి విని ఆయన ఒక్కసారిగా, నేను కూడా అంతే, చెప్పులు సరిచేసుకుంటున్నట్టు వంగుతాను అన్నారు. ఏడాదిగా ఆ మాట మాకెవరికీ చెప్పలేదండి.

ఇంకో రెండు అడగాలి. స్టెంట్ సంగతి బాబాయి వదలట్లేదు. ఇంకోటి, ఇంట్లో బీపీ చూస్తే కుడి చేతికి 152, ఎడమ చేతికి 130 వస్తోంది, మెషిన్ పాడైందేమో అనుకున్నాం, ఇది కూడా దీనికి సంబంధించిందేనా?

వెన్నుపూస54:

నాదొక మాట. నడిస్తే కాలు నొప్పి, ఆగితే పోవడం అనేది నాకూ ఉండేది, నేనూ నాళాలే అనుకుని భయపడి డాప్లర్ చేయించుకుంటే శుభ్రంగా ఉంది, చివరికి నడుములో నరాల దారి ఇరుకైంది అని తేలింది. తేడా ఎలా తెలిసిందంటే నాకు ఊరికే నిలబడినా నొప్పి వచ్చేది, ఆగి నిలబడితే పోయేది కాదు, కూర్చోవాలి లేదా ముందుకి వంగాలి. సైకిల్ మీద వంగి ఎంతసేపైనా తొక్కేవాణ్ణి, కిందకి దిగడం కంటే ఎత్తు ఎక్కడమే సుళువుగా ఉండేది. నాళాల వాళ్ళకి ఉట్టిగా ఆగి నిలబడితే చాలు పోతుంది, ఎత్తు ఎక్కితే త్వరగా వస్తుంది. మోకాలు అరుగుదల అయితే లేచి మొదటి అడుగులు వేసేటప్పుడే నొప్పి. మీ నాన్నగారికి రిపోర్టు స్పష్టంగా ఉంది కాబట్టి మీకు కాదు, ఇది చదివేవాళ్ళకి పనికొస్తుందని రాశా. కొందరికి రెండూ ఉంటాయట.

డాప్లర్‌గది:

మెషిన్ పాడవలేదనుకుంటానండి. రెండు చేతులకీ మళ్ళీ మళ్ళీ చూసినా 15 కంటే ఎక్కువ తేడా వస్తుంటే కాలర్ ఎముక కింద నుంచి చేతికి వెళ్ళే ధమని కూడా సన్నబడి ఉండొచ్చు, ఎడమ వైపే ఎక్కువగా చూస్తాం. చేతితో పని చేస్తే త్వరగా అలిసిపోవడం, తల తిరగడం లాంటివి ఉన్నాయేమో అడగండి, చాలామందికి ఏమీ ఉండవు. ముఖ్యమైంది ఏంటంటే ఇక మీదట బీపీ ఎక్కువ వచ్చే చేతికే, అంటే కుడి చేతికే చూడాలి. ఎడమ చేతికి చూసి 130 బాగుంది అనుకుంటే అసలు బీపీకి మందు తక్కువైపోతుంది. ఈ రీడింగులు రాసి డాక్టర్‌కి తప్పకుండా చూపించండి, మూడు నెలలు ఆగకండి దీనికి.

అమ్మగారికి చెప్పండి, నడిస్తే మాత్రమే నొప్పి ఉన్న దశలో కాలు పోయేది చాలా తక్కువమందికి, అందులోనూ సిగరెట్ మాని షుగర్ అదుపులో పెట్టుకుంటే ఇంకా తక్కువ. అసలు భయం కాలు కాదండి. కాలి నాళంలో కొవ్వు పేరుకుంది అంటే గుండె నాళాల్లో, మెదడు నాళాల్లో కూడా అదే పని జరుగుతుండొచ్చు, ఈ జబ్బున్నవాళ్ళకి గుండెపోటు, పక్షవాతం ముప్పు మిగతావాళ్ళకంటే బాగా ఎక్కువ. ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ బిళ్ళ అందుకే. కొలెస్ట్రాల్ నార్మల్ కదా అన్నారు, 2002లో వచ్చిన హార్ట్ ప్రొటెక్షన్ స్టడీ అని పెద్ద పరీక్ష ఉంది, 20 వేలమందికి పైగా చేశారు, కాలి నాళాల జబ్బువాళ్ళు కూడా అందులో వేలమంది ఉన్నారు, కొలెస్ట్రాల్ పెద్దగా లేనివాళ్ళకి కూడా స్టాటిన్, అదే ఈ కొలెస్ట్రాల్ బిళ్ళ వల్ల గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గాయి. ఈ జబ్బున్నవాళ్ళకి చెడ్డ కొలెస్ట్రాల్ 70 కంటే కింద ఉండాలని చూస్తారు, ల్యాబ్ కాగితం మీద నార్మల్ అని ఉండే గీత వేరు. కాబట్టి ఆపకండి. సిలోస్టజాల్ నడిచే దూరం పెంచడానికి, తెలిసేసరికి ఒక నెల నుంచి మూడు నెలలు పట్టొచ్చు, తలనొప్పి, గుండె దడ రావచ్చు. గుండె వైఫల్యం ఉన్నవాళ్ళు మాత్రం అది వాడకూడదు, ఆయనకి ఎకో, అంటే గుండె స్కాన్ తీశారా? తియ్యకపోతే అడగండి.

స్టెంట్ గురించి బాబాయిగారికి ఒక పాత సంగతి చెప్పండి. నాళంలోకి గొట్టం పంపి తెరవడం అనేది మొట్టమొదట చేసింది గుండెకి కాదు, కాలికే. 1964 జనవరిలో అమెరికాలో పోర్ట్‌లాండ్‌లో చార్లెస్ డాటర్ అనే డాక్టర్ 82 ఏళ్ళ పెద్దావిడకి చేశారు, ఆవిడకి కాలి వేళ్ళు కుళ్ళిపోయే స్థితి, కాలు తీసేద్దామంటే ఒప్పుకోలేదు. తొడలో ఇదే నాళం, మీ నాన్నగారి రిపోర్టులో ఉన్నదే. బతికినంతకాలం సొంత కాళ్ళ మీదే నడిచింది. గుండెకి బెలూన్ వేసింది తర్వాత 1977లో గ్రుంట్‌జిగ్ అనే ఇంకో డాక్టర్. నేను చెప్పేది ఏంటంటే ఆవిడకి కాలు నిలబెట్టడానికి చేశారు, అది న్యాయం. నడిస్తేనే నొప్పి ఉన్నవాళ్ళకి ముందు నడక, మందులు, సిగరెట్ మానడం, వాటితో కూడా పని చేసుకోలేకపోతుంటే అప్పుడు బెలూను, స్టెంటు, బైపాస్ ఆలోచిస్తారు. తొడలో ఆ నాళం ప్రతి అడుగుకీ వంగుతూ సాగుతూ ఉంటుంది, స్టెంట్ వేసినా మళ్ళీ సన్నబడటం మాకు మామూలుగా కనిపించేదే. ముందు జాగ్రత్తగా ఇప్పుడే వేయిస్తే కాలు పోకుండా ఉంటుంది అనేది నిజం కాదు. 80 అనే అంకె చూసి కాదు, మనిషిని చూసి నిర్ణయిస్తారు.

తూరుపుగాలి:

ఇక్కడే అడగొచ్చా. నాకు 34. షుగర్ బీపీ ఏమీ లేవు. కాలి బొటనవేలి కొసకి చిన్న పుండు రెండు నెలలుగా మానట్లేదు, చేతి వేళ్ళు చలికి తెల్లబడి నీలంగా అవుతున్నాయి, అరికాలి మధ్యలో నడిస్తే నొప్పి. సిగరెట్లు రోజుకి ఒక పెట్టె. ఈ వయసులో నాళాలు పూడుకుపోతాయా?

డాప్లర్‌గది:

తమ్ముడూ, రెండు నెలలుగా మానని పుండు అంటే ఇక్కడ అడిగి ఊరుకునేది కాదు, ఈ వారంలోనే వాస్క్యులర్ సర్జన్‌కి చూపించుకో. పొగాకు వాడే కుర్రవాళ్ళకి వచ్చేది ఒకటుంది, బర్గర్స్ డిసీజ్ అంటారు, 1908లో లియో బర్గర్ అనే ఆయన దాన్ని వివరంగా రాశారు. అది కొవ్వు పేరుకోవడం కాదు, చేతుల్లో కాళ్ళలో చిన్న నాళాలు వాచి గడ్డ కట్టి మూసుకుపోవడం. నీది అదే అని నేను చెప్పలేను, చూడాల్సినవాళ్ళు చూడాలి. కానీ అదే అయితే దానికి మందు కంటే పెద్దది ఒక్కటే, పొగాకు ఏ రూపంలోనూ ఒంట్లోకి పోకూడదు, నమిలేది కూడా. పైన గమ్ము సంగతి చదివి నువ్వు కొనుక్కోకు, బర్గర్స్‌లో ఆ నికోటిన్ కూడా జబ్బుని రగిలిస్తూనే ఉంచవచ్చు. మానేసినవాళ్ళలో వేళ్ళు నిలబడ్డవాళ్ళని చూశా, ఒకటీ అరా తాగుతూ ఒక్కొక్క వేలే పోగొట్టుకున్నవాళ్ళనీ చూశా. రేపే వెళ్ళు, ఏమన్నారో ఇక్కడ చెప్పు.

మబ్బుతెర:

పెద్దకూతురు గారూ, మీ ఇంట్లో అందరికీ చెప్పి పెట్టాల్సింది ఒకటుంది, మాకు తెలీక మా అన్నయ్య విషయంలో ఆలస్యమైంది.

అన్నయ్యకి కూడా నడిస్తే పిక్క నొప్పి ఉండేది, అలవాటైపోయింది. ఒకరోజు పొద్దున్నే కాలు భరించలేనంత నొప్పి అన్నాడు, నడవకుండానే. కాలు ముట్టుకుంటే మోకాలి కింద నుంచి మంచులా ఉంది, పాలిపోయి ఉంది, కాసేపటికి తిమ్మిరి, ఆ తర్వాత వేళ్ళు కదపలేకపోయాడు. తిమ్మిరి కదా తగ్గుతుందిలే, పాత నొప్పే కదా అని రాసుకోవడం, నొక్కడం, సాయంత్రం చూద్దాం అనుకోవడం, ఇలా దాదాపు తొమ్మిది గంటలు పోగొట్టాం. అది నాళం ఒక్కసారిగా గడ్డ కట్టి మూసుకుపోవడం అట. గుండె లయ తప్పి కొట్టుకునేవాళ్ళకి గుండెలోంచి గడ్డ కొట్టుకొచ్చి కూడా ఇలా అవుతుందట. ఆరు గంటల లోపు తెరిస్తే కండరం దక్కుతుంది, తర్వాత ప్రతి గంటా నష్టమే అని డాక్టర్ చెప్పినప్పుడు మా వదిన అక్కడే కూలబడిపోయింది. మోకాలి కింద తీసేశారు. ఇప్పుడు కృత్రిమ కాలితో నడుస్తున్నాడు, పని చేసుకుంటున్నాడు, కానీ ఆ తొమ్మిది గంటలు మా ఇంట్లో ఎవరం మర్చిపోలేం.

కాబట్టి కాలు ఒక్కసారిగా చల్లబడి, తెల్లబడి, నొప్పి పుట్టి, స్పర్శ పోతుంటే ఎవరి సలహా అడగొద్దు, ఎమర్జెన్సీకి పరిగెత్తండి. ఇంకోటి మెల్లగా వచ్చేది. రాత్రి పడుకుంటే పాదంలో, వేళ్ళలో నొప్పి వచ్చి లేచి మంచం మీంచి కాలు వేలాడేస్తే తగ్గడం, లేదా పుండు మానకపోవడం, వేలు నల్లబడటం, ఇవి వస్తే మూడు నెలల అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు, రోజుల్లో చూపించాలి. మీ అమ్మగారికి ఇది భయపెట్టడానికి చెప్పట్లేదండి. ఆ రోజు పొద్దున మాకు ఇది తెలిసుంటే అన్నయ్య కాలు ఉండేదేమో.

పెద్దకూతురు:

మబ్బుతెర గారూ, చదువుతుంటే గొంతు పట్టేసింది. మీ అన్నయ్యగారికి నా నమస్కారాలు చెప్పండి. మీరు రాసింది కాగితం మీద రాసి బీరువా తలుపుకి అంటించాను, అమ్మకి, తమ్ముడికి చూపించా.

అప్‌డేట్ ఇస్తున్నా, అయిదు వారాలైంది. ఆ వారమే వెళ్ళి రెండు చేతుల బీపీ చూపించాం, డాక్టర్ గారు తనూ రెండు చేతులకీ చూసి బీపీ మందు మార్చారు, ఎకో తీయించారు, గుండె బాగానే కొట్టుకుంటోంది, సిలోస్టజాల్ కంటిన్యూ అన్నారు. స్టెంట్ ఇప్పుడు అక్కర్లేదు అని ఆయన నోటితోనే బాబాయికి చెప్పించా. రోజూ రాత్రి నేనో అమ్మో టార్చి పెట్టి నాన్న పాదాలు, వేళ్ళ సందులు చూస్తున్నాం. మొదట్లో నా పాదాలు నువ్వు పట్టుకోవడం ఏంటమ్మా అని లాక్కునేవారు, ఇప్పుడు తనే చాపి కూర్చుంటున్నారు. చెప్పు లేకుండా ఇంట్లో కూడా తిరగనివ్వట్లేదు.

సిగరెట్ మొదటి వారం చాలా కష్టమైంది, ఒకరోజు తాగేశారు, వచ్చి చెప్పారు, నేను ఏమీ అనలేదు. అప్పట్నుంచి 26 రోజులు లేదు. నడకకి తమ్ముడు వెళ్తున్నాడు, నొప్పి పట్టేసినప్పుడు ఇద్దరూ ఆగి నిలబడి మాట్లాడుకుంటారట, ఫోన్ చూసుకోవడం చెప్పులు సరిచేసుకోవడం లేదు. 150 మీటర్లు ఉన్నది నిన్న 210 అని నోట్‌బుక్‌లో ఆయనే రాశారు.

తూరుపుగాలి గారు, మీరు చూపించుకున్నారా?